జత చాలదు... జట్టు కావాలి!

మన ఇళ్లల్లో ఏది కొన్నా జతగా కొనడం అలవాటు. దీపపు కుందులైనా, గోడకు తగిలించే చిలకలైనా, షోకేసులో పెట్టే హంసలైనా రెండు ఉండాల్సిందే. ఒంటరి బొమ్మ ఇంటికి తేవద్దంటారు పెద్దవాళ్లు. ఇదే లెక్క చేపల తొట్టె దగ్గర కూడా వేస్తున్నాం. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఈ మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో టీవీ పక్కన ఓ అద్దాల తొట్టె కనిపిస్తోంది. అందులో రెండు నారింజ రంగువి, రెండు నల్లవి, రెండు చారలవి... పీటల మీద కూర్చున్న దంపతుల్లా! నెల తిరక్కుండానే ఒక జతలో ఒకటి వెల్లకిలా తేలుతుంది. రెండోది మూలకు చేరుతుంది. "చాపల ఆయుష్షే గంత" అనుకుని ఇంకో జత తెచ్చుకుంటారు.

నిజానికి మన ఊళ్లల్లో పది, ఇరవై రూపాయలకు దొరికే చారల చేప జీబ్రా డేనియో, సరిగ్గా చూసుకుంటే మూడేళ్లు హాయిగా బతుకుతుంది. మరి ఎందుకు బతకడం లేదు? నీళ్లు పాడవడం ఒక కారణం. దాని గురించి అందరూ చెబుతారు. ఎవరూ చెప్పని కారణం ఇంకోటుంది. అది ఇద్దరుగా బతికే ప్రాణి కాదు. పదిమందితో బతికే ప్రాణి!

అన్ని చేపలూ ఇలాగే ఉంటాయని కాదు. ఫైటర్ చేపను చూడండి. మగది ఇంకో మగదాన్ని చూసిందంటే చచ్చేదాకా కొట్లాటే. దాన్ని విడిగా ఉంచడమే దానికి మేలు. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంది కదా, మనవైపు కొర్రమట్ట అంటాం. దాని పిల్లలు చెరువులో వందలకొద్దీ కలిసి ఎర్రటి ముద్దలా తిరుగుతుంటాయి. తల్లీతండ్రీ దగ్గరుండి కాపలా కాస్తాయి. పెద్దయ్యాక మాత్రం ఎవరి దారి వారిదే. ఆకలేస్తే తమ జాతి పిల్లల్నే మింగేస్తాయి కూడా. కానీ జీబ్రా డేనియోలు, టైగర్ బార్బులు, నియాన్ టెట్రాలు అలా కాదు. చిన్నప్పటి గుంపును ముసలితనం దాకా వదలవు.

కోదాడలో కొట్లాట

మా చెల్లెలిది కోదాడ. పిల్లల పోరు పడలేక రెండు టైగర్ బార్బులు, ఒక ఏంజెల్ చేప తెచ్చింది. టైగర్ బార్బ్ అంటే ఒంటి మీద నల్లటి పట్టీలున్న గుండ్రటి చేప. సుమత్రా, బోర్నియో దీవుల వాగుల్లోది. ఏంజెలేమో పొడవాటి రెక్కలు వేలాడేసుకుని పట్టుచీర కట్టిన పెద్దావిడలా నిదానంగా తిరుగుతుంది. వారం తిరిగేసరికి ఆ పట్టుచీర అంచులు చింపిరి చింపిరి! బార్బులు రెండూ దాని వెంటపడి కొరకడమే. అదయ్యాక రెండిట్లో పెద్దది చిన్నదాని వెంట పడింది. చిన్నదానికి తిండి తినే తీరికే లేదు.

"అక్కా, ఇవి చాపలా, సవతులా?" అని ఫోన్ చేసింది మా చెల్లెలు.

చేపలు పెంచేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. బార్బుల్లో పెద్దా చిన్నా అనే వరుస ఉంటుంది. ఆ వరుస తేల్చుకోవడానికి తమలో తాము తరుముకుంటూ, తోసుకుంటూ ఉంటాయి. ఎనిమిదో పదో ఉంటే ఆ తరుముడు అందరి మధ్యా చెదిరిపోతుంది. ఒకదాని మీదే పడదు. రెండే ఉంటే... ఒకటి గయ్యాళి అత్తగారవుతుంది, రెండోది నోరు లేని కోడలవుతుంది. మధ్యలో ఊరుకోబెట్టేవాళ్లు ఉండరు, కళ్లు మళ్లించేవాళ్లు ఉండరు. జీబ్రా డేనియోల్లో కూడా ఇంతే. రెండింటిని ఒకచోట ఉంచితే ఒకటి తొట్టె అంతా తనదే అంటుంది, రెండోది మూల పట్టుకుంటుంది.

మా చెల్లెలు ఏంజెల్‌ని కొట్టువాడికే తిరిగి ఇచ్చేసి, రెండు విడతల్లో ఇంకో ఆరు బార్బుల్ని తెచ్చింది. ఇప్పుడూ తరుముకుంటాయి. కానీ పిల్లలు వీధిలో దొంగా పోలీసు ఆడినట్టుంటుంది చూస్తే. ఎవరి రెక్కలూ చిరగడం లేదు.

నాయకుడు లేని నడక

మా సూర్యాపేట ఇంట్లో రెండడుగుల తొట్టెలో పది జీబ్రా డేనియోలున్నాయి. తొట్టె వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి కూర కలుపుతూ, పప్పు ఏరుతూ నేను వాటిని చూస్తూనే ఉంటాను. మధ్యాహ్నంపూట వాటి తీరు పెద్దగట్టు జాతరలో జనంలా ఉంటుంది. అందరూ ఒకచోటే ఉంటారు, ఎవరి చూపు వారిది, ఎవరి బేరం వారిది. ఒకటి గడ్డి కొరుకుతుంటుంది, రెండు తరుముకుంటుంటాయి. అంతలో నా చేతిలోంచి స్టీలు పళ్లెం జారి పడిందనుకోండి. పదీ ఒక్కటై, ఒకే వైపు తిరిగి, ఒకే వేగంతో జారిపోతాయి. అప్పుడది బతుకమ్మ ఆట! ముందున్నామె అడుగును చూసి మన అడుగు, పక్కనున్నామె చప్పట్లు విని మన చప్పట్లు.

శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తారు. ఊరికే కలిసి ఉండటం ఒకటి, ఒకే దిశలో వరస కట్టి ఈదడం ఇంకోటి. గుంపు చేపలు రోజులో పదిసార్లు దీన్నుంచి దానికి, దాన్నుంచి దీనికి మారుతుంటాయి.

మరి ఒకదానికొకటి తగలకుండా అంత దగ్గరగా ఎలా తిరుగుతాయి? చేప ఒంటికి రెండువైపులా తల నుంచి తోక దాకా సన్నటి గీత ఉంటుంది. చేపను శుభ్రం చేసేటప్పుడు మనలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని పార్శ్వరేఖ అంటారు. పక్కనున్న చేప తోక ఆడిస్తే నీళ్లల్లో పుట్టే చిన్న కదలిక కూడా ఆ గీతకు తెలుస్తుంది. 1976లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. సముద్రపు చేపల కళ్లకు కాసేపు చూపు ఆనకుండా మూతలు పెట్టి, గుంపులోకి వదిలారు. కళ్లు కనిపించకపోయినా అవి గుంపుతో సమానంగా ఈదాయి! ఇటు చూపు, అటు స్పర్శలాంటి ఈ జ్ఞానం... రెండూ కలిస్తేనే ఆ నడక.

ఇంకో విచిత్రం. ఈ గుంపుకు పెద్ద అంటూ ఎవరూ లేరు. ఇప్పుడు ముందున్నది, మలుపు తిరగ్గానే వెనకబడుతుంది. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణుడు పక్షుల గుంపును, చేపల గుంపును కంప్యూటర్ తెర మీద కదిలించడానికి మూడే మూడు సూత్రాలు రాశాడు. పక్కవాళ్లకు గుద్దుకోవద్దు. పక్కవాళ్లు పోయే దిక్కుకే పో. పక్కవాళ్లకు మరీ దూరం కావద్దు. అంతే! ఆజ్ఞలిచ్చే నాయకుణ్ణి పెట్టకుండానే తెర మీది బొమ్మలు అచ్చం గుంపులా కదిలాయి. ఎవరికి వారు తన పక్కనున్న నలుగురినీ పట్టించుకుంటే చాలు, అంత పెద్ద గుంపూ చెదరకుండా నడుస్తుంది. ఇంటి పెద్ద లేకపోతే ఇల్లు గడవదని వింటూ పెరిగిన మనకు ఇది కాస్త కొత్తగానే ఉంటుంది, ఏమంటారు?

భయాన్ని కూడా పంచుకుంటాయి

గుంపులో ఉంటే లాభమేమిటన్నది తేలికగానే అర్థమవుతుంది. కొంగ ముందు ఒక్క చేపే ఉంటే దానికి గురి చూడటం సులువు. వంద చేపలు మెరుస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే దేన్ని పట్టాలో దానికే తోచదు. పైగా వందలో ఒకదానికి వచ్చే ప్రమాదం, ఒంటరిదానికి వచ్చేదానికంటే తక్కువ. వంద జతల కళ్లు కాపలా కాస్తుంటే తిండి తినడానికి తీరిక కూడా దొరుకుతుంది.

ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఇంకో ముచ్చట కనిపెట్టాడు. తేనెటీగల నాట్యానికి అర్థం చెప్పి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నది ఈయనే. చిన్న చేపల గుంపులో ఒకదాని చర్మానికి గాయమైతే మిగతావన్నీ ఒక్కసారిగా బెదిరిపోవడం ఆయన గమనించాడు. గాయపడిన చర్మం నుంచి ఒక పదార్థం నీళ్లల్లో కలుస్తుందనీ, దాని వాసన తగలగానే మిగతావి దూరంగా పారిపోతాయనీ 1938లో రాశాడు. మన రవ్వు, బొచ్చె, జీబ్రా డేనియో అన్నీ ఆ చేపకు చుట్టాలే. దెబ్బ తిన్నది తన వాళ్లకు ఆ విధంగా కబురు పంపుతుందన్నమాట.

భయం పాకుతుంది సరే, ధైర్యం మాటేమిటి? 2017లో పోర్చుగల్ శాస్త్రజ్ఞులు ఇదే చూశారు. జీబ్రా చేప ఉన్న నీళ్లల్లో ఆ ప్రమాదపు వాసన కలిపారు. ఒంటరిగా ఉన్న చేప చాలాసేపు బిగుసుకుపోయింది. అద్దం అవతల తన వాళ్లు కనిపిస్తున్న చేపకు మాత్రం భయం తక్కువైంది. వాళ్లు వచ్చి చేసిందేమీ లేదు. ఊరికే కనిపించారు, అంతే! 2023లో వచ్చిన ఇంకో పరిశోధన ఆక్సిటోసిన్ దగ్గరికి తీసుకెళ్లింది. కాన్పులో, చంటిబిడ్డకు పాలు పడటంలో మనకు సాయపడే హార్మోనే అది. దాని పని ఆగిపోయిన చేపలకు, పక్క చేప భయపడుతున్నా పట్టలేదు. పక్కవాళ్ల బాధ మనకు తాకడానికీ, తల్లికి పాలు పడటానికీ ఒకే హార్మోను పనిచేస్తోందంటే ఆశ్చర్యం కదూ!

చేపతో మనిషికి పోలికేమిటని నవ్వకండి. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి జీబ్రా చేపలో జోడీలున్నాయని 2013లో తేల్చారు. అందుకే హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో కూడా ఈ చిన్న చేపను పెంచుతున్నారు.

మనవాళ్లంటే ఎవరు?

2004లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం నాకు భలే నచ్చింది. జీబ్రా చేపల్లో చారలు లేకుండా పుట్టే రకం ఒకటుంది. చారలున్న పిల్లను చారల్లేని వాటి మధ్య పెంచారు. పెద్దయ్యాక దాని ముందు రెండు గుంపులూ పెడితే, అది చారల్లేని గుంపు వైపే వెళ్లింది. తను ఎలా ఉందన్నది దానికి పట్టలేదు. ఎవరి మధ్య పెరిగిందో వాళ్లే తన వాళ్లు! కడుపున పుట్టకపోయినా పెంచుకున్న బిడ్డ తల్లి కొంగు వదలదంటారు చూశారూ, ఆ మాట గుర్తొచ్చింది.

అయితే తొట్టె విషయంలో ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఆరు రకాలవి ఒక్కొక్కటి తెచ్చి వేస్తే ఆరు చేపలవుతాయి గానీ గుంపు కాదు. ఒకదాని నడక ఇంకోదానికి కలవదు. అందుకే ఒకే రకానివి కావాలి.

మిర్యాలగూడలో ఒంటరి చేప

డిగ్రీలో నాతో చదువుకున్న స్నేహితురాలు పెళ్లయ్యాక మిర్యాలగూడలో స్థిరపడింది. వాళ్లాయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. సీజన్లో ఇంటికొచ్చేసరికి రాత్రి పది. పోయినేడు వాళ్లింటికి వెళ్తే తొట్టెలో ఒకటే జీబ్రా చేప. దాని జత చచ్చిపోయి రెండు నెలలైందట. ఫిల్టరు వెనక నక్కి, రంగు వెలిసి, ఎవరైనా దగ్గరకొస్తే గోడకు కొట్టుకునేది. వాళ్లత్తగారు మంచం మీద కూర్చునే అంది: "ఒక్కదానికి బుగులు గాదా బిడ్డా? తోడు లేంది బువ్వెట్ల తింటది?"

నా స్నేహితురాలు నవ్వి, నన్ను మేడ మీదకు తీసుకుపోయి అంది. "నేనూ జతనే గదనే. ఆయన మంచోడే, ఏం తక్కువ చెయ్యడు. గానీ పొద్దుందాక ఒక్కదాన్నే. ఎవరికి ఏం చెప్పాల్నన్నా ఆయన వచ్చేదాక ఆగాలె. వచ్చినంక అలసిపోయి ఉంటడు, చెప్పబుద్ధి గాదు."

నాకా మాట చాలా రోజులు చెవుల్లో ఉండిపోయింది. పెళ్లి కాగానే ఆడపిల్లను 'జంట' అని లెక్కేస్తాం. 'ఇక దానికేం, తోడు దొరికింది' అంటాం. కాలేజీలో ఆమెతో బస్సెక్కిన ఎనిమిది మంది, కలిసి టిఫిన్ డబ్బా తెరిచిన ఐదుగురు... వాళ్లంతా ఎటు పోయారో ఎవరూ అడగరు. ఒక్క మనిషి మీదే తన సంతోషం, కోపం, భయం అన్నీ వేస్తే ఆ మగవాడు మాత్రం ఎంతని మోస్తాడు? కోదాడ తొట్టెలో రెండు బార్బులకు పట్టిన గతే ఇద్దరికీ పడుతుంది.

ఆమె ఆ వారమే ఇంకో ఐదు జీబ్రా చేపలు తెచ్చింది. పాతది ఒకరోజంతా ఫిల్టరు వెనకే ఉండి తొంగి చూసిందట. రెండో రోజు బయటకొచ్చి కొసన చేరింది. మూడో రోజు ఫోటో పంపి, "ఇందులో మాది ఏదో చెప్పు చూద్దాం" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను.

మేమూ ఒక పని మొదలుపెట్టాం. మూడు ఊళ్లల్లో ఉన్న డిగ్రీ స్నేహితులం ఆరుగురం నెలకోసారి కలుస్తున్నాం. ఒకసారి సూర్యాపేట, ఒకసారి కోదాడ, ఒకసారి మిర్యాలగూడ. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక 'చార్జీలు దండగ' అనే మాట ఇంట్లో ఎవరికీ నోట రాలేదు. పొద్దున వంట చేసి బయల్దేరితే దీపాలవేళకు ఇంట్లో ఉంటాం. మూడోసారి కలిసినప్పుడు ఒకామె, ఆరు నెలలుగా కడుపులో నొప్పి దాచుకుంటున్న సంగతి బయటపెట్టింది. ఆయనకు చెబితే హడలిపోతాడని చెప్పలేదట. మేం ఐదుగురం ఆమెను అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. గర్భసంచిలో చిన్న కంతి. మందులతోనే తగ్గుతుందంది. "మీరంతా బయట కూర్చున్నరని తెలిస్తేనే భయం సగం పోయింది" అందామె. అద్దం అవతల గుంపును చూసిన చేపలాగానే!

తొట్టె పెట్టాలనుకుంటే

గుంపు చేపలు ఒకే రకానివి కనీసం ఆరు ఉండాలి. పది ఉంటే ఇంకా మంచిది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెలో 56 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. పది జీబ్రా చేపలకు అది సరిపోతుంది. గుండ్రటి గాజు గిన్నెలు ఏ చేపకూ పనికిరావు.

మనవైపు బోరు నీళ్లు బరువైనవి. గిన్నెల మీద పడే తెల్ల మరకలే సాక్ష్యం. నియాన్ టెట్రాలు అమెజాన్ అడవుల మెత్తటి నీళ్లల్లోవి, వాటికి మన నీళ్లు అంతగా పడవు. జీబ్రా డేనియో మన దేశపు చేపే. గంగా, బ్రహ్మపుత్రల ప్రాంతంలో వరిపొలాల్లో, నెమ్మదిగా పారే వాగుల్లో తిరుగుతుంది. 1822లోనే ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో దీని గురించి రాశాడు. మన ఎండలకూ, మన నీళ్లకూ తొందరగా అలవాటు పడుతుంది.

కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒకరోజు బకెట్లో నిలవ ఉంచండి. కొత్త తొట్టెలో అన్ని చేపల్నీ మొదటిరోజే వెయ్యొద్దు. చేపల మలినాన్ని విరగ్గొట్టే మంచి సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇప్పటికే ఆరోగ్యంగా ఉన్న తొట్టె ఎవరింట్లోనైనా ఉంటే, వాళ్ల ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. పక్కింట్లోంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్టే, పని త్వరగా అవుతుంది. తిండి రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేయాలి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి. విసుగొచ్చిందని చేపల్ని సాగర్ కాల్వలోనో, చెరువులోనో వదలకండి. అలా తొట్టెల్లోంచి బయటపడినదే జాలర్లు 'దెయ్యం చేప' అని తిట్టుకునే రకం. వలలు చింపి, మన చేపల తిండి తినేస్తోంది.

ఇక మీ తొట్టె చిన్నదని, రకానికి రెండే పడతాయని కొట్టువాడు చెబితే వినకండి. తొట్టె చిన్నదైతే రకాలు తగ్గించండి. జట్టును మాత్రం తగ్గించకండి.